సిగ్గు నేర్చిన గింజ

డాక్టర్ పేర్రాజు గారి బల్ల మీద ఒక చిన్న పెట్టె ఉండేది. చూడడానికి పాతకాలపు ట్రాన్సిస్టర్ రేడియోలా ఉంటుంది. రోగి వచ్చి కుర్చీలో కూర్చున్నాక ఆయన దాని మీద వేలు ఆనిస్తే, అది ఆడగొంతుతో, ఎక్కడా తొణక్కుండా, ఆ మనిషి పేగుల సంగతి చెప్పేది.

"నిన్న నాలుగుసార్లు. రక్తం కొద్దిగా. నొప్పి పదికి మూడు. నిద్ర చెడలేదు."

ఆ వేళ కుర్చీలో ఉన్నది పైడితల్లి. నలభై ఒక్క ఏళ్ళ మనిషి, విజయనగరం నుంచి సాలూరు వెళ్ళే బస్సులో కండక్టరు. డ్యూటీ దిగి యూనిఫారంతోనే విశాఖపట్నం వచ్చేసింది. బెల్టు రెండు రంధ్రాలు లోపలికి బిగించి ఉంది.

"ఎలా ఉందమ్మా?" అని అడిగారు పేర్రాజు గారు, పెట్టె వైపే చూస్తూ.

"అది సెప్తంది గదండీ," అంది పైడితల్లి.

పెట్టెకి ఆ కబుర్లు చేరవేసేది ఆమె పెద్దపేగులో కూర్చున్న గింజ. చిక్కుడు గింజంత ఉంటుంది. మంచినీళ్ళతో మింగితే రెండు రోజులకి పెద్దపేగు చేరి, గోడకి జలగలా అంటుకుని మూడు నెలలు అక్కడే ఉంటుంది. పేగు ఎంత వాచిందో, ఎన్నిసార్లు మెలిపెట్టిందో, ఎక్కడ పుండు పడిందో కనిపెట్టి గీతలుగా పంపుతుంటుంది. పెట్టె దాన్ని మాటల్లోకి మారుస్తుంది. మనిషి నోరు విప్పక్కర్లేదు.

"నయమే. రెండు నెలల కిందటితో పోలిస్తే సగానికి దిగింది," అన్నారు డాక్టరు గారు. "స్టెరాయిడ్ మాత్ర ఈ వారం నుంచి తగ్గించుకుంటూ వద్దాం. అది ఎక్కువ కాలం వాడడం మంచిది కాదు."

పైడితల్లి నోరు తెరిచింది. ఏదో అనబోయింది. పెట్టె వైపు చూసింది. మళ్ళీ మూసుకుంది. మందుల చీటీ నాలుగు మడతలు పెట్టి టిక్కెట్ల సంచిలో వేసుకుని, దండం పెట్టి వెళ్ళిపోయింది.

గది మూల స్టూలు మీద కూర్చున్న ఇందుమతి ఇదంతా చూసింది. గింజని తయారు చేసింది ఆమే. నోరు తెరిచి మూసుకునే ఆ తీరు ఆమెకి బాగా తెలుసు. ఆ గదిలో మరెవరికీ తెలియనంత బాగా తెలుసు. అయినా ఏమీ అనలేదు.

ఇందుమతికి ముప్పై ఆరేళ్ళు. పైడితల్లికి ఉన్న జబ్బే ఆమెకీ ఉంది. పెద్దపేగు లోపలి పొర అంతా పుండ్లు పడే జబ్బు. ఇరవై మూడో ఏట, చదువుకునే రోజుల్లో బయటపడింది. అప్పుడు చూసిన డాక్టరు నలుగురు మెడికల్ విద్యార్థుల్ని పక్కన నిలబెట్టుకుని, "రోజుకి ఎన్నిసార్లు వెళ్తావు? రక్తం ఏ రంగులో పడుతుంది? దారిలో ఆపుకోలేక అయిపోవడం లాంటిదేమన్నా ఉందా?" అని గట్టిగా అడిగాడు. ఆ నలుగురిలో ఒకబ్బాయి ఆమె హాస్టలు స్నేహితురాలి అన్న. ఇందుమతి తల వంచుకుని, "బాగానే ఉందండి, రెండుసార్లే," అంది. అసలు లెక్క ఎనిమిది. ఆ మాట నమ్మి ఆయన రాసిన చిన్న మోతాదు మందుతో ఆమె నాలుగు నెలలు నరకం చూసింది. ఆ తరవాత మరో డాక్టరు ఇచ్చిన చీటీని పదేళ్ళుగా మందుల షాపులో చూపించి మాత్రలు తెచ్చుకుంటోంది. డాక్టరు గడప తొక్కడం మానేసింది.

గింజ పుట్టింది ఆ సిగ్గులోంచే. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. "పేషెంట్ల ఇబ్బంది ఎంత బాగా పట్టుకున్నావమ్మా," అని అందరూ మెచ్చుకుంటే, ఎక్కడో చదివాను అనేది.

గింజకి మాటలు నేర్పడానికి రెండు వందల పన్నెండు మంది రోగులు ముందుకొచ్చారు. ఆరు నెలలపాటు కడుపులో ఒకదాని తరవాత ఒకటిగా రెండు గింజలు, చేతిలో నోటుపుస్తకం. ఎన్నిసార్లు వెళ్ళారో, రక్తం ఎంతో, నొప్పి ఎంతో ప్రతి ఉదయం రాయాలి. పేగు మెలిపెట్టినంత మాత్రాన మనిషి లేచి వెళ్ళాడని గింజకి తెలియదు. ఇలాంటి మెలికకి, ఇంత వాపుకి మనుషులు ఎంత రాస్తున్నారో చూసుకుని నేర్చుకోవాలి. పుస్తకాల మీద పేర్లు ఉండవు, నంబర్లే. నంబర్లు వేసింది ఇందుమతే కాబట్టి ఏడో నంబరు తనకి వేసుకుంది. ఎవరికీ చెప్పకుండా గింజ మింగింది. డాక్టరు మొహం చూడకుండా తన పేగు సంగతి తెలుసుకోవచ్చని ఆశ. కానీ పుస్తకంలో రాయడానికి కూర్చున్న మొదటి రోజే చెయ్యి ఆగిపోయింది. ఈ పుస్తకాలు ల్యాబులో అందరూ చదువుతారు. అక్షరాలు ఎవరైనా పోల్చుకుంటే? తొమ్మిది రాయాల్సిన చోట మూడు రాసింది. రెండు వందల మందిలో ఒక్క పుస్తకం ఎటు పోతేనేం అనుకుంది.

పేర్రాజు గారు ఒకసారి అన్నారు, "ముప్పై మందిని రెండు వారాలు ఆస్పత్రిలోనే ఉంచి, నర్సుల చేత లెక్క రాయిద్దాం. పుస్తకాలతో సరిచూసుకోవచ్చు."

మీటింగులో ఇందుమతి లేచి నిలబడింది. ఇది మనుషుల మర్యాద తీయడమేనని, మరుగుదొడ్డి గుమ్మం దగ్గర నర్సుని కాపలా పెట్టే పద్ధతిని తప్పించడానికే గింజ పుట్టిందని పది నిమిషాలు మాట్లాడింది. అందరూ తలలూపారు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. ఆ ముప్పైలో ఏడో నంబరు వస్తే ఏం చేయాలన్నదే ఆమె అసలు భయం. అంత పెద్ద మాటల వెనక ఉన్నది అంత చిన్న సంగతి.

పైడితల్లి చీటీ మడిచి వెళ్ళిన పంతొమ్మిదో రోజున, మధ్యాహ్నం భోజనాల వేళ, కబురొచ్చింది. రామభద్రపురం దాటాక బస్సులో కుప్పకూలిపోయిందట. టిక్కెట్ల మిషను చేతిలో అలాగే ఉందట. అంబులెన్సులో విశాఖపట్నం తెచ్చేసరికి కడుపు డప్పులా ఉబ్బింది. పేగు చిల్లి పడింది. ఆ సాయంత్రమే పెద్దపేగు మొత్తం తీసేసి, పొట్ట మీద రంధ్రం చేసి సంచి తగిలించారు. ప్రాణం దక్కింది.

ఆపరేషన్ చేసిన సర్జన్ తీసిన పేగుని ట్రేలో చూపించి, "ఇది వారం పది రోజుల్లో వచ్చింది కాదు పేర్రాజు గారూ. నెలల తరబడి మాగిన పుండ్లు. మరి మీ గింజ ఏం చూస్తోంది?" అన్నాడు.

పేర్రాజు గారు ఇందుమతి వైపు చూశారు.

మర్నాడు ఇందుమతి ల్యాబు తలుపు వేసుకుని పైడితల్లి గింజ పంపిన గీతలన్నీ పరిచి చూసింది. గింజ గుడ్డిది కాదు. అన్నీ చూసింది. వాపు, పుండ్లు, రోజంతా ఆగని మెలికలు, అన్నీ పంపింది. అంత భయంకరమైన గీతల కింద పెట్టె పలికిన మాట, 'నాలుగుసార్లు, రక్తం కొద్దిగా.'

అలాంటి గీతలే వచ్చిన పాత రోగుల నోటుపుస్తకాలు తీసింది. ముప్పై ఎనిమిదో నంబరు: 'నాలుగు.' అరవై ఒకటి: 'మూడు. కొంచెం నలతగా ఉంది.' నూట పద్నాలుగు: 'నాలుగు. పర్వాలేదు.' ఏడో నంబరు: 'మూడు. మామూలే.' గుండ్రటి అక్షరాలు, 'మ'కి చివర చిన్న వంకర. అది ఆమె చేతి రాతే.

ఇందుమతి ఆ పేజీ మీది తేదీ చూసింది. ఆ రోజు తను మూడుసార్లు కాదు, తొమ్మిదిసార్లు వెళ్ళింది. ఆ గీతకి నిజమైన లెక్క తొమ్మిదని ప్రపంచంలో తెలిసిన మనిషి తనొక్కతే. మరి అదే గీతకి మూడూ నాలుగూ రాసిన మిగతావాళ్ళు? తను ఒక్కతే అబద్ధం రాసిందనుకుంది. అందరూ రాశారు. ఒకరికొకరు తెలియకుండా, ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని, సగానికి సగం తగ్గించి రాశారు. గింజ అదే నేర్చుకుంది. పేగు ఎంత మొత్తుకున్నా, తగ్గించి చెప్పడమే మనుషుల పద్ధతి కాబోలని నేర్చుకుంది. సిగ్గు లేని యంత్రాన్ని చేశానని ఆమె గర్వపడింది. అందరి సిగ్గూ కలిపి దానికి నూరిపోసింది.

ఆ గింజలు అప్పటికి తొంభై మంది కడుపుల్లో ఉన్నాయి. పెట్టె చెప్పిన దాన్ని బట్టి వారం వారం వాళ్ళ మందులు తగ్గుతున్నాయి.

ఇందుమతి పేర్రాజు గారి గదికి వెళ్ళింది. "సార్, పెట్టె తక్కువ చేసి చెబుతోందని నా అనుమానం. పుస్తకాల్లో తేడా ఉండొచ్చు."

"ఉండొచ్చు అంటే గింజ ప్రయోగం చూసే కమిటీ ఆపనివ్వదమ్మా. ఒక్క మనిషికి వికటించిందని మొత్తం ఆపం అంటారు. పుస్తకాలు తప్పని రుజువేముంది?"

రుజువు ఉంది. ఆమె చేతి సంచిలోని ఏడో నంబరు పుస్తకం, దాన్ని రాసిన మనిషి, రెండూ ఆ గదిలోనే ఉన్నాయి.

"చూస్తున్నాను సార్. నాలుగు రోజులు టైమివ్వండి," అంది ఇందుమతి.

ఆ నాలుగు రోజుల్లో ఇంకో ఇద్దరికి మందు తగ్గించారు. ఆమె మూల స్టూలు మీద కూర్చుని చూసింది. ఒకాయన చీటీ అందుకుంటూ, "అంతా మీ గింజ చలవేనండీ," అని ఆమెకి దండం కూడా పెట్టాడు. ఆమె తిరిగి దండం పెట్టింది.

మూడో రోజు ఆదివారం. అనకాపల్లిలో ఆడపడుచు గృహప్రవేశం. ఇందుమతి ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. ఏదైనా శుభకార్యం ఉంటే ఆమె చేసే పని అదే. ముదురు రంగు చీర, చేతి సంచిలో ఇంకో జత బట్టలు, వెళ్ళిన చోట ముందుగా దొడ్డి ఎటో చూసుకుని దాని దరిదాపుల్లో కుర్చీ. విస్తరి ముందు కూర్చోబెడితే పులిహోర అటూ ఇటూ కదిపింది.

"వదినకి డైటింగు. సన్నబడిపోయి మమ్మల్ని వెక్కిరిద్దామని," అంది ఆడపడుచు. అందరూ నవ్వారు. ఇందుమతీ నవ్వింది.

తిరిగొచ్చేటప్పుడు లంకెలపాలెం దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ఇరవై నిమిషాలు కారు కదల్లేదు. ముందు లారీ, వెనక లారీ. ఇందుమతి పళ్ళు బిగించి, కాలి వేళ్ళు ముడిచి, ముందు లారీ వెనక రాసిన అక్షరాలు ఒక్కొక్కటే చదువుకుంటూ కూర్చుంది. తరవాత ఇక చదవక్కర్లేకపోయింది.

"మజ్జిగ ఒలికింది," అంది, తువ్వాలు సీటు మీదికి లాక్కుంటూ.

ఆమె భర్త గోవర్ధన్ పోర్టులో పని చేస్తాడు. నెమ్మదస్తుడు. పెళ్ళై తొమ్మిదేళ్ళయింది. భార్యకి గ్యాస్ ట్రబుల్ ఉందని మాత్రమే అతనికి చెప్పారు. "ఊఁ," అన్నాడు. అద్దాలు సగం దించాడు. కారులో మజ్జిగ సీసా లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

సోమవారం మధ్యాహ్నం ఇందుమతి వార్డుకి వెళ్ళింది. పైడితల్లి దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. దుప్పటి పొట్ట మీదికి లాక్కుని రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది.

"రండమ్మా. కుర్చీ అలగ లాక్కోండి."

"నొప్పిగా ఉందా?"

"నొప్పి కాదమ్మా. ఈ సంచీయే. సప్పుడు సేస్తాది. నర్సమ్మ వచ్చినపుడే సేస్తాది. సిగ్గుకి సచ్చిపోవాలనిపిస్తంది." దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంది. "డాక్టరుగోరికి సెప్పండమ్మా, ఆయన తప్పు గాదని. తప్పు నాదే. నాకు రోజుకి పది, పన్నెండు అయ్యీది. డూటీ ఉన్న రోజు తెల్లారగట్ల నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టుకునీదాన్ని కాదు. గజపతినగరంలో బస్సాగితే హోటలోళ్ళ దొడ్డికి పరిగెట్టీదాన్ని. డ్రైవరు హారను కొట్టీవోడు. బస్సంతా నవ్వీవోరు."

ఇందుమతి అడిగింది, "ఆ రోజు డాక్టరు గారి గదిలో ఏదో అనబోయారు కదా?"

"సెప్దామనే నోరు తెరిసినానమ్మా. పెట్టి నాలుగు అనీసింది. మిషను గదా, దానికి సిగ్గేటుంటాది, అబద్దం ఎందుకు సెప్తాది. నాకే ఎక్కువ అనిపిస్తంది కావాల, నేనే గోరంతని కొండంత సేసుకుంటన్నాను కావాల అనుకున్నాను. నా వొంటి మీద నాకే నమ్మకం పోనాది."

పక్క మంచం దగ్గర ఎవరో గ్లాసులో చెంచా తిప్పుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఇందుమతి ఆగింది.

"ఆ పెట్టెకి అబద్ధం నేర్పింది నేను," అంది.

పైడితల్లికి అర్థం కాలేదు.

"నాకూ ఇదే జబ్బు. పదమూడేళ్ళుగా ఉంది. గింజకి నేర్పడానికి అందరం పుస్తకాలు రాశాం. నేను తగ్గించి రాశాను. మిగతావాళ్ళూ రాశారు. సరిచూద్దామని డాక్టరు గారు అంటే నేను సాగనివ్వలేదు. సాగనిస్తే నా సంగతి బయటపడుతుందని."

పైడితల్లి ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఎన్ని రాసినావు?"

"మూడు."

"మరి అసలెన్ని?"

"తొమ్మిది."

"నాకు బస్సుందమ్మా," అంది పైడితల్లి మెల్లిగా. ఇందాకటి 'మీరు' ఇప్పుడు లేదు. "యాభై మంది ఎదర నేను ఎక్కడికెల్తాను, ఎవరికి సెప్తాను. నీకు ఆఫీసుంది. గదికి తలుపుంది. దొడ్డి ఉంది. ఆ పుస్తకం మీద పేరు గూడా లేదంటన్నావు. నువ్వెందుకు రాయలేకపోనావు?"

ఇందుమతి మంచం కోడు వైపు చూసింది.

"ఎల్లమ్మా," అంది పైడితల్లి. మొహం గోడ వైపు తిప్పుకుంది. "నాకు నిద్దరొస్తంది."

వార్డు మెట్లు దిగిన ఇందుమతి నేరుగా పేర్రాజు గారి గదికి వెళ్ళింది. మూల స్టూలు దగ్గరికి పోలేదు. రోగులు కూర్చునే కుర్చీలో కూర్చుంది. చేతి సంచిలోంచి ఏడో నంబరు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"రుజువు ఇదిగోండి సార్. ఈ పుస్తకం నాది. ఇందులో రాసిన ప్రతి అంకెకీ అసలు లెక్క నాకు గుర్తుంది. పక్కన ఎర్ర సిరాతో వేశాను."

ఆయన నాలుగు పేజీలు తిప్పారు. ఇంకేమీ అడక్కుండా ఫోను తీసి మందుల విభాగానికి చేశారు. "గింజ ఉన్నవాళ్ళెవరికీ మందు తగ్గించొద్దు. ఈ రెండు నెలల్లో తగ్గించిన వాళ్ళందరికీ పాత మోతాదే. అవును, ఇవాళే. కమిటీతో నేను మాట్లాడతాను." ఫోను పెట్టేశాక కళ్ళద్దాలు తీశారు.

"ఎన్నేళ్ళయింది?"

"పదమూడు సార్."

"ఎవరు చూస్తున్నారు?"

"ఎవరూ లేరు. పాత చీటీ."

"ముప్పై ఏళ్ళుగా నేను చూసేది ఈ ఒక్క జబ్బే," అన్నారాయన. "మూడేళ్ళుగా నా పక్క గదిలో ఉన్నావు. మాతో భోజనానికి రాకపోతే, ఈ అమ్మాయికి కాస్త గర్వం అనుకున్నాను." పెట్టె వైపు చూశారు. "ఇది వచ్చాక నేను మనుషుల మొహాలు చూడ్డం మానేశాను ఇందుమతీ. ఆ రోజు పైడితల్లి నోరు తెరవడం నేనూ చూశాను. తెలియక కాదు. బయట ఇరవై మంది ఉన్నారు, పెట్టె చెప్పేసింది కదా అని చీటీ రాసేశాను. నీ పుస్తకం తప్పు నీది. ఇది నాది."

ఆ సాయంత్రం నుంచి తొంభై మందికీ ఫోన్లు చేశారు. ముప్పై మందికి ఇందుమతే చేసింది. "గింజ చెప్పిన లెక్క తప్పండీ. మీ లెక్క మీరే చెప్పండి," అనేది. అవతలి గొంతు తగ్గేది. "కాస్త ఉండండి, బయటికొచ్చి మాట్లాడతాను," అనేవాళ్ళు. తలుపు వేసిన చప్పుడు వినపడేది. ఒక రిటైరైన హెడ్మాస్టరు గారు మొదట అయిదన్నారు. ఇందుమతి అక్కడితో వదల్లేదు. "నేను మూడని రాసేదాన్ని మాస్టారూ. నాకు తొమ్మిది," అంది. ఆయన గొంతు సవరించుకుని, "పదకొండమ్మా," అన్నారు. ఆ తరవాత ఏడుపు వినబడింది. డెబ్భై ఏళ్ళ మనిషి ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియక ఆమె ఫోను చెవి దగ్గరే పట్టుకుని కూర్చుంది.

ఇంటికెళ్ళాక వంటగదిలో గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండా, గోవర్ధన్‌కి చెప్పింది. నాలుగు వాక్యాల్లో అయిపోయింది. తొమ్మిదేళ్ళు దాచిన విషయం చెప్పడానికి అంతే పట్టిందా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. అతను కుళాయి కట్టేశాడు. "డాక్టరు గారి దగ్గరికి ఎప్పుడెళ్ళాలి?" అన్నాడు.

తరవాత జరగాల్సినవన్నీ జరిగాయి. విచారణ పెట్టారు. ఇందుమతిని ఆ పని నుంచి తప్పించారు. ఒక పేపరులో ఆమె పేరు, జబ్బు పేరుతో సహా పడింది. కాలనీలో కూరలమ్మి సంచిలో వంకాయలు వేస్తూ, "ఇప్పుడెలా ఉందమ్మా కడుపులో?" అని వీధి వినేలా అడిగింది. ఇందుమతికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఇంకా తగ్గలేదు," అంది. వాళ్ళ నాన్నకీ ఇలాగే ఉండేదని, ఎవరికీ చెప్పకుండానే పోయాడని కూరలమ్మి చెప్పింది.

ఫోన్లు వెళ్ళిన తొంభై మందిలో పద్నాలుగు మంది పేగులు చిల్లి పడే దారిలో ఉన్నాయని పరీక్షల్లో తేలింది. సమయానికి మందు పెంచారు. ఆ పద్నాలుగు మందీ బతికినందుకు ఇందుమతికి ఉపశమనం కలగలేదు. నాలుగు రోజుల ముందే చెప్పి ఉండొచ్చన్న లెక్కే బుర్రలో తిరుగుతూ ఉండేది.

పైడితల్లికి బస్సు డ్యూటీ మానిపించి డిపోలో కూర్చునే పని ఇచ్చారు. ఇందుమతి రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి పైడితల్లి బయటికి రాలేదు. రెండోసారి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడింది. "నీ మీద కోపం లేదని సెప్తే నీకు బాగుంటాది. అలగని సెప్పలేనమ్మా. కోపం ఉంది." ఆ తరవాత, "సంచి మార్సుకోడం నేర్సుకున్నాను. అదొక్కటీ బాగుంది. ఇంక దేనికీ పరిగెట్టక్కర్లేదు," అని లోపలికి వెళ్ళిపోయింది. ఇందుమతి మళ్ళీ వెళ్ళలేదు. వెళ్తే అది తన కోసమే వెళ్ళినట్టవుతుందని అర్థమైంది.

నెలాఖరున పేర్రాజు గారు ఆమె పేగుకి పరీక్ష చేశారు. జబ్బు ఎడమ వైపు నుంచి పాకి పేగంతా పట్టింది. పాత చీటీ మాత్రలకి లొంగే దశ ఎప్పుడో దాటింది. మందు మార్చాలంటే అన్నీ మొదటి నుంచీ తెలియాలన్నారు ఆయన. గోవర్ధన్‌ని బయట బెంచీ మీద కూర్చోమన్నది నర్సు. ఇందుమతి ఒక్క క్షణం తటపటాయించి, "ఆయన్నీ లోపలికి రానివ్వండి," అంది.

పేర్రాజు గారు తెల్ల కాగితం తీసుకున్నారు. కుర్చీ ఆమె వైపు పూర్తిగా తిప్పుకున్నారు. "తొందరేం లేదమ్మా. ఎంతసేపైనా పట్టనీ. రోజుకి ఎన్నిసార్లు?"

"తొమ్మిది. కొన్ని రోజులు పది."

"రక్తం?"

"దాదాపు ప్రతిసారీ. ముద్దలు కూడా పడతాయి."

"వెళ్ళేలోపే అయిపోవడం?"

ఇందుమతి గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. చెవులు వేడెక్కాయి. పక్కన భర్త ఊపిరి వినిపిస్తోంది. "నెలకి రెండు మూడుసార్లు. లంకెలపాలెం దగ్గర... కారులో... అది మజ్జిగ కాదు."

పేర్రాజు గారు తలెత్తకుండా రాసుకున్నారు. "రాత్రిళ్ళు లేవాల్సి వస్తుందా?"

"రెండుసార్లు లేస్తానండి."

"నాలుగండీ," అన్నాడు గోవర్ధన్.

ఇద్దరూ అతని వైపు తిరిగారు. అతను నేల చూపులు చూస్తూ, చేతిలో ఆస్పత్రి ఫైలు అంచు గీకుతున్నాడు.

"తను లేచినప్పుడల్లా నాకూ మెలకువ వచ్చేస్తుందండి. నేను లేచానని తెలిస్తే ఇబ్బంది పడుతుందని నిద్రపోతున్నట్టే ఉండిపోతాను. నాలుగు. ఒక్కోరోజు అయిదు."

"ఎన్నాళ్ళ నుంచీ?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ."

ఇందుమతికి మొహం మండిపోతోంది. ఇంత జరిగాక కూడా, అన్నీ చెప్పేద్దామని వచ్చి కూర్చున్నాక కూడా, నోరు దానంతటదే రెండు తగ్గించింది. చీర కొంగు వేలికి చుట్టుకుని విప్పింది.

"నాలుగే సార్," అంది.

పేర్రాజు గారు కాగితం మీద రెండుని కొట్టేసి నాలుగు వేశారు.